పడవా? బస్సా? మా బుజ్జి అడిగిన ఒక్క రోజు

"బ్యాచిలరెట్" అనే మాట నేను మొదటిసారి విన్నది మా వదిన నోటి నుంచి. అదీ సగమే. "ఏదో బ్యాచిలర్ పార్టీ అంట. ఆడపిల్లలక్కూడా ఉంటదంట. గోవాలో పడవంట. మీ అన్నయ్య అన్నం ముందు నుంచి లేచిపోయాడు. నువ్వొచ్చి దానికి నచ్చజెప్పు వదినా" అని ఫోన్ పెట్టేసింది.

మా అన్నయ్య కూతురు బుజ్జికి మాఘంలో ముహూర్తం. హైదరాబాదులో ఉద్యోగం. సంక్రాంతికి ఊరొచ్చింది. మాది నరసరావుపేట, అన్నయ్యా వాళ్లది ఆ పక్కనే మా పుట్టినూరు. ఆటోలో అరగంట. మధ్యవర్తిత్వం అంటే ఇంట్లో మేనత్తే కదండీ గుర్తొచ్చేది. సరే, అరిసెల డబ్బా పట్టుకుని బయలుదేరాను.

వెళ్లేసరికి బుజ్జి డాబా మీద ఒక్కతే కూర్చుని ఉంది. విషయం అడిగాను. పెళ్లికి ముందు స్నేహితురాళ్లు, అక్కచెల్లెళ్లు కలిసి పెళ్లికూతురితో ఒక రోజు గడుపుతారట. ఆఫీసు స్నేహితురాళ్లు నలుగురూ రెండు పక్షాలయ్యారు. ఒకమ్మాయి గోవాలో ప్రైవేటు యాట్ అంటుంది. అంటే తెల్లటి పెద్ద పడవ, గంటల లెక్కన అద్దె. మిగతావాళ్లు పార్టీ బస్సు అంటున్నారు. లోపల రంగు లైట్లు, పాటలు, గోడల వెంట సోఫాలు. హైదరాబాదు నుంచి ఎక్కడికైనా తీసుకెళ్తుంది.

"మరి నీకేం కావాలే?" అన్నాను.

అది కాసేపు మాట్లాడలేదు. "అత్తా, నన్ను ఆ మాట అడిగింది నువ్వే. ఇప్పుడు నాన్న కూతుర్ని, నెల తర్వాత ఆయన భార్యని. ఆ మధ్యలో నాది అని ఒక్క రోజు కావాలి. అది పడవైనా సరే, బస్సైనా సరే."

నిజం చెప్పొద్దూ, నచ్చజెప్పడానికి వెళ్లిన నేను నోరు మూసుకున్నాను. నా పెళ్లి 1993లో. పెళ్లికూతుర్ని చేశారు, నలుగు పెట్టారు, గాజులు తొడిగారు. అన్నీ బాగానే చేశారు. కానీ అవన్నీ మన చుట్టూ జరుగుతాయి గానీ మనల్ని అడిగి జరగవు. చీర రంగు కూడా నన్నెవరూ అడగలేదు. ఇంకో సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. పదహారు రోజుల పండగకి పుట్టింటికొస్తే, నా గదిలో నా మంచం మీద మిరపకాయల బస్తాలున్నాయి. ఎవరి తప్పూ కాదు. కోతల కాలం, చోటు లేదు. ఆ రాత్రి హాల్లో చాప మీద పడుకున్నాను. ఘాటుకి తుమ్ములొస్తున్నాయని అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను.

ఇహ అసలు చర్చ ఆ రాత్రి వరండాలో జరిగింది. అన్నయ్యకి ముందుగా నేను ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాను. "ఎత్తిపోతల దగ్గర దత్తాత్రేయస్వామికి మొక్కుందని చెబుదాం. అక్కడికి వెళ్లాక మీ ఇష్టం" అని బుజ్జి చెవిలో చెప్పాను. మన ఆడవాళ్లకి ఇది అలవాటైన దారే కదా! ఊరు దాటాలంటే ఒక దేవుణ్ణి అడ్డం పెట్టుకోవాలి.

అది తల అడ్డంగా ఊపింది. "అబద్ధం చెప్పి పోయే రోజు నాది ఎట్టా అవుద్దత్తా?"

చెప్పేదేదో అదే చెప్పింది, వాళ్ల నాన్న ఎదురుగా కూర్చుని. అన్నయ్య వాదన మీకు తెలిసిందే. "రేపు వియ్యాలవారు ఫొటోలు చూస్తే ఏమనుకుంటారు?"

"ఆయనకి చెప్పాను నాన్నా. ఆయనా స్నేహితులతో గోకర్ణ పోతున్నాడు. ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు."

అన్నయ్య దగ్గర జవాబు లేదు. కాసేపటికి, "గోవా వద్దు. అంత డబ్బూ వద్దు, అంత దూరమూ వద్దు. బస్సైతే చూద్దాం" అన్నాడు. గోవా లెక్క బుజ్జికి కూడా బరువుగానే ఉంది. విమానం టికెట్లు, హోటలు, పడవ అద్దె కలిపితే దాని నెల జీతం దాటిపోతోంది. పైగా అక్కచెల్లెళ్లలో ఇద్దరు ఇంకా చదువుకునే పిల్లలు, వాళ్లు ఎక్కడ తెస్తారు? అట్లా గోవా పడవ మా వరండాలోనే మునిగిపోయింది.

అప్పుడు నేనే అన్నాను. "పడవే కావాలంటే గోవా దాకా ఎందుకు? మన సాగరు లేదూ? విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకి లాంచీ వెళ్తుందిగా."

అన్నయ్య మళ్లీ మొదటికొచ్చాడు. "పడవ మాట ఎత్తొద్దు." ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. 2017 నవంబర్ 12న మన కృష్ణలోనే పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో పాపికొండలు చూడ్డానికి వెళ్తున్న పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. ఆ రోజుల్లో ఆయన టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ భయాన్ని తీసిపారేయలేం.

బస్సు వైపు మాత్రం అంతా సుఖమా? ఆ పార్టీ బస్సు వీడియో బుజ్జి ఫోన్లో చూశాను. సోఫాలు ఎదురెదురుగా ఉన్నాయి, బెల్టులు లేవు. పిల్లలు నడుస్తున్న బస్సులో నిలబడి గెంతుతున్నారు. డ్రైవరు ఒక్క బ్రేకు వేస్తే ఎవరి తల ఎక్కడ తగులుతుందో! తెలంగాణ బండి మన రాష్ట్రంలోకి రావాలంటే పర్మిటు, పన్ను వేరే. మా చిన్న చెల్లెలి కూతురికి బస్సెక్కితే పిడుగురాళ్ల దాటకముందే వాంతులు. ఇన్ని చూసుకోవాలి.

ఇట్లా బస్సు, పడవ అని తక్కెడ ఊగుతుండగా, అప్పటిదాకా మూల మంచం మీద కూర్చుని తమలపాకు ఈనెలు తీస్తున్న మా అమ్మ, "పడవైతే నేనూ వస్తా" అంది.

అందరం అటు తిరిగాం. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా అమ్మ పుట్టింది పుల్లారెడ్డిగూడెంలో. ఆ ఊరు ఇప్పుడు లేదు. నాగార్జునకొండ లోయలో ఉండేది. 1955 డిసెంబర్ 10న నెహ్రూగారు సాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన చేసేనాటికి అమ్మకి పన్నెండేళ్లు. 1958లో పదిహేనేళ్లకే పెళ్లయి ఇక్కడికొచ్చింది. ఆ తర్వాత లోయలో ఊళ్లన్నీ ఖాళీ చేయించారు. తాతయ్యా వాళ్లు మాచర్ల వైపు వచ్చి స్థిరపడ్డారు. 1967లో కాలవలకి నీళ్లు వదిలారు. చిన్నప్పుడు సెలవులకి మా స్నేహితులందరూ అమ్మమ్మగారి ఊరని చెప్పుకుంటుంటే, మాకు అమ్మమ్మ ఉండేది గానీ అమ్మమ్మగారి ఊరు ఉండేది కాదు.

సాగరు చూద్దాం రా అని మేం ఎన్నిసార్లు పిలిచామో. డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడల్లా ఊరు ఊరంతా లారీలు కట్టుకుని వెళ్లేది. అమ్మ మాత్రం కదిలేది కాదు. "ఆ నీళ్ల మీద తిరగడానికి ఏముంది, మా ఇల్లు కిందుంది" అనేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. అట్లాంటి మనిషి తనంతట తానే వస్తానంది!

"ఎందుకే అమ్మా ఇప్పుడు?" అన్నాను.

"పిల్ల అడిగింది. నాకు ఎనభై దాటినయి. ఇంకెప్పుడు?"

అన్నయ్య తలొంచుకున్నాడు. నిర్ణయం చేయాల్సింది బుజ్జి. స్నేహితురాళ్లకి బస్సు కావాలి, నాన్నకి బస్సే నయం, నాయనమ్మకి పడవ. అది వెంటనే చెప్పేసింది. "నాయనమ్మ వచ్చేది ఏదైతే అదే."

లాంచీ మొత్తం మాకే మాట్లాడుకుందామని చూశాం. అది మా లెక్కకి మించిపోయింది. అందరితో పాటు టికెట్లు కొనుక్కోవడమే అనుకున్నాం. విజయపురి దాకా పేట నుంచి మామూలు మినీ బస్సు. కొండ మీద మ్యూజియానికి శుక్రవారం సెలవు, అందుకని శనివారం పెట్టుకున్నాం. అన్నయ్య ఒక్క షరతు పెట్టాడు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ ఎక్కకూడదు, గాలి ఉంటే వెనక్కి వచ్చేయాలి. బుజ్జి ఒప్పుకుంది. గోవా అన్న అమ్మాయికి మాత్రం ఇది నచ్చలేదు. "బ్యాచిలరెట్ అంటే మ్యూజియమా? మందు కూడా ఉండదా?" అని మెసేజ్ పెట్టి రావడం మానేసింది. బుజ్జి ఆ రాత్రి కాస్త ఏడ్చింది. మన రోజు అని మనం ఎంచుకుంటే అది నచ్చనివాళ్లు కొందరు ఉంటారు, ఏం చేస్తాం.

పదకొండు మందిమి తేలాం. బుజ్జి, ముగ్గురు స్నేహితురాళ్లు, అక్కచెల్లెళ్లు నలుగురు, వదిన, నేను, అమ్మ. తెల్లవారుజామున అయిదున్నరకి బయలుదేరాం. పులిహోర, దద్దోజనం, గోంగూర పచ్చడి, చేగోడీలు నా వంతు. బెలూన్లు, "బ్రైడ్ టు బి" అని రాసిన రిబ్బను పిల్లల వంతు. బస్సు నడుస్తుండగా లేచి ఆడకూడదు అని నేను ముందే చెప్పాను. "ఆగినప్పుడు ఎంతసేపైనా ఆడండి, నేనూ ఆడతా" అన్నాను. పిడుగురాళ్లలో సున్నం బట్టీల పొగ, గురజాల దాటాక తెల్లారిన మిరప తోటలు, రెంటచింతలలో టీ. "ఎండాకాలం టీవీలో వేడికి ఈ ఊరి పేరే చెప్తారు" అంటే హైదరాబాదు పిల్లలు జనవరి చలిలో నవ్వారు. వాంతుల పిల్లని ముందు సీట్లో కూర్చోబెట్టి చేతిలో నిమ్మకాయ పెట్టాం. నిలబడిపోయింది, మాచర్ల దాకా.

రేవు దగ్గరికి వెళ్లాక అసలు కథ. గాలి ఎక్కువగా ఉంది, తగ్గితేగానీ లాంచీ కదలదన్నారు. గంట గడిచింది. పిల్లల మొహాలు చిన్నబోయాయి. అన్నయ్య రెండుసార్లు ఫోన్ చేశాడు. "వెనక్కి వచ్చేస్తాం నాన్నా, గాలి తగ్గకపోతే" అని బుజ్జి మాటిచ్చింది. అమ్మ బెంచీ మీద కూర్చుని నీళ్లవైపు చూడకుండా చేతిసంచి సర్దుకుంటోంది. నాకు లోపల ఒక పక్క గాలి తగ్గాలని, ఇంకో పక్క తగ్గకుండా ఉంటే బాగుండునని. అమ్మ తట్టుకోగలదా అని.

గాలి తగ్గింది. ఒక్కొక్కళ్లనీ లెక్కపెట్టి ఎక్కించారు. నారింజ రంగు జాకెట్ వేసుకునేసరికి బుజ్జి రిబ్బను కాస్తా లోపలికి పోయింది. అమ్మకి బకిల్ పెట్టుకోవడం రాకపోతే లాంచీ కుర్రాడు, "మామ్మగారూ, ఇట్టా" అని బిగించాడు. మాతోపాటు విహారయాత్రకొచ్చిన హైస్కూలు ఆడపిల్లలు ఎక్కారు. ప్రైవేటు పడవ కాదు కదా, ఆ పిల్లలకి మా పెళ్లికూతురు దొరికింది. "అక్కా, పెళ్లెప్పుడు? బావగారి ఫొటో చూపించు!" అని ఒకటే గోల. ఇహ పాటలే పాటలు. గోవా యాట్‌లో స్పీకర్లు ఎంత పెద్దవో నాకు తెలియదు గానీ, నలభై మంది ఆడపిల్లల గొంతులకి మాత్రం సరిపోవు.

అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నీళ్లని కాదు, కొండల్ని చూస్తోంది. చాలాసేపటికి, "నీళ్లే కొత్తవి. కొండలు అవే" అంది. వేలితో చూపించింది. "అదిగో, ఆ వంపు కొండ. మా వాకిట్లో ముగ్గేస్తా తలెత్తితే కనపడేది." లాంచీ నడిపే ఆయన్ని అడిగితే ఊరు ఎక్కడుండేదో ఆయనకీ తెలియదన్నాడు. అమ్మ ఆ కొండని పట్టుకుని లెక్కేసుకుంది. ఒకచోట, "ఇక్కడే" అంది. మేం పాట ఆపేశాం. హైస్కూలు పిల్లలు కూడా, ఏం జరిగిందో తెలియకపోయినా, ఆపేశారు. అమ్మ ఏడవలేదు. కొంగు చివర ముడి విప్పి రూపాయి బిళ్ల, చిటికెడు పసుపు నీళ్లలో వేసింది. "పాడండమ్మా, ఆపారెందుకు" అంది.

కొండ మీద మ్యూజియం ఉంది. 1954 నుంచి 1960 దాకా లోయలో తవ్వకాలు జరిపి, నీళ్లు రాకముందే కట్టడాల్ని రాయి రాయిగా తీసి ఇక్కడా, అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. "మా నాయన ఆ తవ్వకాలకి కూలికి పోయేవాడు" అంది అమ్మ. "మేం ఎక్కి ఆడుకున్న రాళ్లు బుద్ధుడివని తర్వాత చెప్పారు." రాళ్లని జాగ్రత్తగా పైకి తెచ్చారు, వాకిళ్లని తేలేకపోయారు.

నాకు అక్కడ ఒకావిడ బాగా నచ్చింది. పేరు శాంతిసిరి. దాదాపు 1700 ఏళ్ల కిందట ఇక్కడ ఏలిన ఇక్ష్వాకుల రాజు శాంతమూలుడి చెల్లెలు. తర్వాతి రాజు వీరపురుషదత్తుడికి మేనత్త, అత్తగారు కూడా. మేనరికం ఆనాటి నుంచీ ఉందన్నమాట! ఇక్కడి మహాచైత్యానికి దానమిచ్చిన ముఖ్యురాలు ఆవిడే. శాసనాల్లో ఆవిడతోపాటు ఇంకా చాలామంది ఆడవాళ్ల పేర్లు కనపడతాయి. రాజులు యజ్ఞాలు చేస్తూ వేరే దారిలో ఉంటే, ఇంటి ఆడవాళ్లు తమకి నచ్చినదాన్ని తమ పేరుతో కట్టించుకున్నారు. "చూశారా, మేనత్తంటే మాటలా!" అని పిల్లల ముందు కాస్త గొప్పలు పోయాను.

చెట్టు కింద భోజనాలయ్యాక బుజ్జి అమ్మ ఒళ్లో తలపెట్టుకుంది. "నాయనమ్మా, పెళ్లయి వచ్చేటప్పుడు భయమేసిందా?"

"భయం కాదే. బండెక్కాక వెనక్కి చూడకూడదనుకున్నా, చూస్తే ఏడుపొస్తదని. తర్వాత చూద్దామన్నా ఊరు లేదు." కాసేపాగి అంది. "మా పుట్టిల్లు ముంచిన నీళ్లే కాలవలో మీ తాతయ్య పొలానికొచ్చినై. మొదటిసారి నీళ్లొచ్చిన రోజు ఊరంతా కొబ్బరికాయలు కొట్టారు. నేను ఏడవాలో మొక్కాలో తెలియలా. పారపట్టుకుని మడవ తిప్పా."

ఎవరం మాట్లాడలేదు. ఆ హైదరాబాదు పిల్లల్లో ఒకమ్మాయి, పార్టీ బస్సు కోసం గట్టిగా పట్టుబట్టిన పిల్లే, మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

తిరుగు ప్రయాణంలో ఎత్తిపోతల దగ్గర ఆగాం. చంద్రవంక డెబ్బై అడుగుల పైనుంచి దూకే చోటు. అక్కడ ఆగిన బస్సులో పాటలు పెట్టి మాట ప్రకారం ఆడాం. వదిన, నేను కూడా. దత్తాత్రేయుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాం, ఈసారి అబద్ధం లేకుండా.

రాత్రి ఇంటికొచ్చేసరికి అన్నయ్య గేటు దగ్గరే ఉన్నాడు. బుజ్జి బస్సు దిగి చెప్పులు కూడా విప్పకుండా అడిగింది. "నాన్నా, పెళ్లయ్యాక నా గదిలో బస్తాలు వేయొద్దు."

అన్నయ్య ముందు దాన్ని చూశాడు, తర్వాత నన్ను. ముప్పై ఏళ్లకి పైగా నేను చెప్పని మాట దానికెట్లా తెలిసిందో! బస్సులో వదినతో నవ్వుతూ అన్నది విన్నదేమో. అన్నయ్య నాతో ఏమీ అనలేదు. లోపలికెళ్లి అమ్మకి కాళ్లు కడుక్కోవడానికి వేడినీళ్లు తానే తెచ్చాడు. ఆయన అట్లా తేవడం నేను ఎప్పుడూ చూడలేదు.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి చర్చ వస్తే నాకు తెలిసినవి నాలుగు చెప్తాను. ముందు పెళ్లికూతుర్ని అడగండి, తర్వాతే బడ్జెట్. అందరిలో తక్కువ డబ్బున్న పిల్ల ఎంత ఇవ్వగలదో అదే లెక్క. పడవైతే జాకెట్, లెక్కింపు, గాలి చూసుకోండి, పొద్దున్నే వెళ్లండి. ఒకసారి ఎక్కాక మధ్యలో దిగలేం, బాత్రూము సంగతి ముందే చూసుకోవాలి. బస్సైతే ఎక్కడంటే అక్కడ ఆపుకోవచ్చు, కానీ ఆట ఆగినప్పుడే. పెద్దవాళ్లు ఎక్కగలరా, నెలసరిలో ఉన్న పిల్లకి ఇబ్బంది లేకుండా ఉంటుందా, అదీ చూడండి. ఏ బండి ఎక్కామన్నది మర్చిపోతాం, ఎవరు ఎక్కారన్నది గుర్తుంటుంది.

మాఘంలో పెళ్లి బాగా జరిగింది. పోయిన వారం అన్నయ్యా వాళ్లింటికెళ్లి ఉండబట్టలేక బుజ్జి గది తలుపు తీసి చూశాను. మంచం, పుస్తకాలు అట్లాగే ఉన్నాయి. కిటికీకి ఆ రిబ్బను కట్టి ఉంది. మూలన మాత్రం రెండు ఆవకాయ జాడీలు.

"రెండు జాడీలేగా వదినా" అంది మా వదిన వెనక నుంచి.

సరేలే, బస్తాలు కాదుగా. మరి మీ పుట్టింట్లో మీ గది ఎట్లా ఉంది? చెప్పండి, వింటాను.